స్తంభం వెనుక కుర్చీ

ఈ వృత్తాంతం నాకు చెప్పినవారు విక్టర్ దైవసహాయం గారు. సికింద్రాబాద్ మైదానాల్లో చాలాకాలం ఫుట్‌బాల్ రిఫరీగా ఈల ఊదిన మనిషి. యౌవనంలో శిక్షణ నిమిత్తం జర్మనీ వెళ్ళి ఒక శీతకాలం అక్కడ గడిపారు. అప్పుడు తనకు బస ఇచ్చిన ఇంటి యజమానే ఈ కథలోని ఆటగాడని, ఆయన నోటినుంచే విన్నానని అన్నారు. తనకు ఆ భాష అంతంతమాత్రం, ఆయనేమో మితభాషి. కొన్ని సంగతులు చేతులతో చూపిస్తే గ్రహించవలసి వచ్చిందట. అందుచేత మాటల్లో కొంత తేడా ఉంటే ఉండవచ్చు. సంగతిలో లేదని దైవసహాయం గారి నమ్మకం.

ఆ ఆటగాడి పేరు తిల్మన్. పోలండ్ సరిహద్దుకు దగ్గరలో, బొగ్గు గనులు మూతపడి చిన్నబోయిన ఒక పట్టణంలోని క్లబ్బు అతన్ని పద్దెనిమిదో ఏట జీతానికి తీసుకుంది. ఒక్క ఏడాది ఒప్పందం. కొనసాగిస్తారో, సాగనంపుతారో వసంతం వచ్చేసరికి తేలిపోతుంది. ఇక్కడ వద్దన్నవాణ్ణి మరొకరు రమ్మనరు. ఆట తప్ప అతనికి వేరే పని రాదు.

మొదటి మ్యాచ్‌లోనే ఎదురుదెబ్బ తగిలింది. తమ గోలుకు దగ్గరలో బంతి అందుకుని, ఎవరికి ఇవ్వాలా అని ఒక క్షణం తటపటాయించాడు. ఆ క్షణంలో ప్రత్యర్థి దాన్ని తన్నుకుపోయి గోలు చేశాడు. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయారు.

ఓడినా గెలిచినా, ఆట అయ్యాక జట్టంతా తమ అభిమానుల గ్యాలరీ ముందుకు వెళ్ళి నిలబడటం అక్కడి ఆచారం. తిల్మన్ కూడా వెళ్ళి నిలబడ్డాడు. తిడతారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. ముందు వరుసలోని ఒక ముసలాయన మాత్రం అతని ముఖంలోకి చూసి, మెడలోని క్లబ్బు రంగుల స్కార్ఫ్ నెమ్మదిగా విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

ఆనాటినుంచి తిల్మన్‌కు బంతి అంటే భయం పట్టుకుంది. బంతి తనవైపు దొర్లి వస్తే చాలు, ఆ స్కార్ఫ్ మడత కళ్ళ ముందు కనిపించేది.

దాక్కునే ఉపాయం కూడా ఆ భయమే నేర్పింది. మైదానంలో ఒక్కచోట నిలిచేవాడు కాదు. అటు పరిగెత్తేవాడు, ఇటు పరిగెత్తేవాడు, బంతి ఇమ్మని చేయి పైకెత్తేవాడు. కానీ బంతి ఉన్నవాడికీ తనకూ నడుమ ఎప్పుడూ ఒక ప్రత్యర్థి ఉండేలా చూసుకునేవాడు. ఆ ప్రత్యర్థి నీడలో నిలబడితే తనకు బంతి వచ్చే దారే ఉండదు. చూసేవారికి మాత్రం, కుర్రాడు అడుగుతూనే ఉన్నాడు, పాపం, ఎవరూ ఇవ్వడం లేదనిపిస్తుంది. పత్రికల్లో అతని కష్టపడే గుణాన్ని మెచ్చుకున్నారు.

జట్టు కెప్టెన్ వోల్కర్ మాటకారి. "ఒరే తిల్మన్, రేపటినుంచి పాస్‌పోర్టు మేజోడులో పెట్టుకుని దిగరా. ఇంకాస్త పరిగెత్తావంటే పోలండ్‌లో తేలతావు," అనేవాడు. అందరూ నవ్వేవారు. తిల్మన్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

కోచ్ ఒస్వాల్డ్ క్రామ్ గారు నవ్వేవారు కాదు. అరవై దాటిన మనిషి. శిక్షణలో ఎవరినీ కేకలేసి ఎరుగరు. తిల్మన్‌ను మెచ్చుకోలేదు, మందలించలేదు. అసలు భయం అక్కడే మొదలయ్యేది.

శీతకాలం చివరి మ్యాచ్ ముందురోజు మధ్యాహ్నం జట్టంతా క్లబ్బు భోజనశాలలో కూర్చున్నారు. ఆ హాలు నడిమధ్య ఒక లావుపాటి స్తంభం ఉండేది. క్రామ్ గారు రోజూ వోల్కర్ పక్కన కూర్చునేవారు. ఆ రోజు తన కుర్చీ తానే ఎత్తుకుని, సూప్ గిన్నె పట్టుకుని, స్తంభానికి అవతల, తిల్మన్‌కు సరిగ్గా మరుగయ్యేచోట వేసుకుని కూర్చున్నారు.

"తిల్మన్, ఆ ఉప్పు సీసా కాస్త అందించు నాయనా."

తిల్మన్ సీసా పట్టుకుని చేయి చాపాడు. స్తంభం అడ్డొచ్చింది. ఇటువైపునుంచి చాపాడు. ఆయన చేయి అటువైపునుంచి వచ్చింది. అటు చాపితే ఇటునుంచి వచ్చింది.

"ఏదీ? చేయి చాపుకునే ఉన్నాను కదా," అన్నారు క్రామ్ గారు. గాలిలో ఆయన వేళ్ళు మాత్రం ఆత్రంగా ఆడుతున్నాయి.

హాలంతా నవ్వులు. "కోచ్‌గారికి ఇవాళ సూప్‌లో ఏదో పడింది," అన్నాడు వోల్కర్.

"మధ్యలో స్తంభం ఉంది, కోచ్‌గారూ," అన్నాడు తిల్మన్.

"స్తంభం ఎప్పుడూ అక్కడే ఉంది. కుర్చీ ఎవరు వేసుకున్నారు?"

తిల్మన్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. చుట్టూ నవ్వులు సాగుతూనే ఉన్నాయి గానీ అతనికి వినిపించలేదు. క్రామ్ గారు చప్పటి సూప్ చివరి చెంచాదాకా తాగి, గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు.

అంతవరకూ బంతి భయం ఒక్కటే. ఇప్పుడు దొరికిపోయిన భయం దానికి తోడైంది. సాయంత్రం కోచ్ గది తలుపు తట్టాడు. ఆయన కిటికీ దగ్గర నిలబడి బూట్లకు అంటిన మట్టి గీకుతున్నారు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచీ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంతకంటే మంచి స్తంభం వెతుక్కుంటావు."

తిల్మన్ తల వంచుకున్నాడు. "నాకు బంతి వస్తే పోతుంది, కోచ్‌గారూ," అన్నాడు.

"పోతుంది," అన్నారు క్రామ్ గారు, రెండో బూటు చేతిలోకి తీసుకుంటూ. "రేపు మొదటినుంచీ నువ్వు ఆడుతున్నావు. వెళ్ళి పడుకో."

మర్నాడు మంచు కలిసిన వాన. తిల్మన్ ఎదుట ఆడుతున్నవాడు తలుపు చెక్కంత మనిషి. అతని వెనుక నీడ ఎంత సురక్షితమో తిల్మన్ కాళ్ళకు తెలుసు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. వోల్కర్ పాదాల దగ్గర బంతి ఉంది. ఇవ్వడానికి మనిషి కోసం కళ్ళతో వెతుకుతున్నాడు. తిల్మన్ చేయి పైకి లేచింది. లేచిన చేయిని చూసుకుంటే అతనికి స్తంభం పక్కన ఆడిన వేళ్ళు గుర్తొచ్చాయి.

ఒక్క అడుగు పక్కకు వేశాడు.

వోల్కర్ కళ్ళలో ఆశ్చర్యం కనబడింది. బంతి వచ్చింది. తడి గడ్డిమీద జారి, తిల్మన్ పాదం తప్పించుకుని ప్రత్యర్థికి చిక్కింది. వాడు కొట్టిన దెబ్బకు గోలు స్తంభం మోగింది. బంతి బయటికి పోయింది.

గ్యాలరీ అంతా నిశ్శబ్దమైపోయింది. అదే పాత నిశ్శబ్దం. తిల్మన్ అటువైపు చూడలేదు. బెంచీవైపు చూశాడు, తనను వెనక్కి పిలుస్తారేమోనని. పిలిస్తే బాగుండుననే కోరిక కూడా ఆ చూపులో ఉంది. క్రామ్ గారు వానలో చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు.

కాసేపటికి బంతి మళ్ళీ వోల్కర్ దగ్గరికి వచ్చింది. తలుపు చెక్కంత మనిషి మళ్ళీ అడ్డుగా ఉన్నాడు. అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టరు. ఆ భయంతోనే తిల్మన్ మళ్ళీ ఒక్క అడుగు పక్కకు వేశాడు. వోల్కర్ ఒక్క క్షణం సందేహించాడు. ఇచ్చాడు.

ఈసారి బంతి కాలి దగ్గర ఆగింది. దాన్ని ముందున్నవాడికి అందించాడు. అంతే. అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆట ముగిసేవరకూ అలా బంతి అడుగుతూనే ఉన్నాడు; కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. ఏ జట్టూ గోలు చేయకుండానే మ్యాచ్ ముగిసింది.

సాయంత్రం భోజనశాలలో క్రామ్ గారు ఎప్పటిలాగే వోల్కర్ పక్కన కూర్చున్నారు. తిల్మన్ వెళ్ళి, ఏమీ అనకుండా, ఉప్పు సీసా ఆయన ముందు పెట్టాడు.

ఆయన ఒక చెంచా సూప్ తాగి, సీసాను మెల్లగా వెనక్కి జరిపారు.

"ఇవాళ సరిపోయింది," అన్నారు.

క్లబ్బు తిల్మన్ ఒప్పందాన్ని మరో ఏడాది పొడిగించింది. ఆపైన అతను చిన్న క్లబ్బుల్లోనే చాలా ఏళ్ళు ఆడాడు. గొప్ప పేరేమీ రాలేదు. భయం చివరి మ్యాచ్‌వరకూ వదలలేదనీ, నేనూ అదీ ఇద్దరమూ కలిసే మైదానంలోకి దిగేవాళ్ళమనీ దైవసహాయం గారితో అన్నాడట. వోల్కర్ ఆట మానేసి క్లబ్బు బస్సు నడిపాడు. కుర్రాళ్ళను దారి పొడుగునా పాస్‌పోర్టులు అడుగుతూనే ఉండేవాడు. స్కార్ఫ్ మడిచిన ముసలాయన ఎవరో, ఏమయ్యాడో తెలియలేదు.

క్రామ్ గారు పదవి విరమించాక వృద్ధుల నివాసంలో చేరారు. చివరి రోజుల్లో చూపు బాగా మందగించింది. తిల్మన్ ప్రతి ఆదివారం వెళ్ళేవాడు. వెళ్ళగానే కుర్చీని కిటికీ వెలుతురు పడేచోటికి జరుపుకుని, ఆయనకు కనిపించేలా కూర్చునేవాడు.