కోటి మాటల జోగయ్య

అనగనగా అనకపోతే కథ కదలదు కనక, అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక చిన్న కోర్టు. కోర్టు గోడకి ఒక గడియారం ఉండేది గాని నడిచేది కాదు. ఎండ గుమ్మం దాకా వస్తే మునసబుగారు భోజనానికి లేచేవారు. గడియారం గొడవ మనకెందుకు గాని, ఆ కోర్టులో జోగయ్య పంతులని ఒక బీద వకీలు ఉండేవాడు. మోచేతుల దగ్గర చిరిగిన నల్లకోటు, చంకలో కాగితాల కట్ట.

జోగయ్య పాటలు కట్టేవాడు. వాన మీద కట్టాడు, వంకాయ మీద కట్టాడు, తన కోటు చిరుగు మీద కూడా కట్టాడు. ఒక్క పాటా ఊరి పొలిమేర దాటలేదు. అది అతనికి లోపల బాధగానే ఉండేది.

ఆ ఊరి వాగులో తుంగ పెరిగేది. దాన్ని కోసి చాపలల్లుకు బతికేవాళ్లు కొందరు. ఒక భూస్వామి వాగు చుట్టూ కంచె వేయించాడు. చాపలవాళ్లు దావా వేశారు. భూస్వామి తరఫు వకీలు మన జోగయ్య.

చాపలవాళ్ల తరఫున ఒక ముసలమ్మ సాక్ష్యానికొచ్చింది. ఆమెకు నత్తి.

"ఎన్నాళ్ల నించి కోస్తున్నారే తుంగ?" అన్నాడు జోగయ్య.

"మా... మా... మా అ... అత్త..."

మా అత్త కోసింది, ఆవిడ అత్తా కోసింది అని చెప్పాలి ఆమె. అంతే చెప్పాలి. కాని జోగయ్య నాలిక మీద అప్పటికే పాట నిలబడింది. పాట వస్తే ఆపుకోవడం అతనికి చేతకాదు. ఆమె పేరు పెట్టి, నిండు కోర్టులో రాగం తీశాడు.

"కోర్టుకొచ్చెను" అని మొదలెట్టి, ఆమె పేరు చేర్చి,

"కోటి మాటలు తెచ్చెను,
నోటి గుమ్మం దాటలేక
మాట లోపలె చచ్చెను."

గుమాస్తా నవ్వాడు. బంట్రోతు నవ్వాడు. మునసబుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ మిగతా మాట మింగేసి బోనులోంచి దిగిపోయింది. దావా పోయింది.

ఇన్నాళ్లకి జోగయ్య పాట పొలిమేర దాటింది. ఏడూళ్లు తిరిగింది.

బుధవారం సంతలో ముసలమ్మ చాపలు పరుచుకు కూర్చుంటే, పిల్లలు చుట్టూ చేరి అదే పాడారు. ఆమె నోరు తెరవడం మానేసింది. చాప ధర అడిగితే వేళ్లు చూపించేది. అది చూసిన జోగయ్యకి తల తీసేసినట్టయింది. తప్పయిందని చెబుదామని వెళ్లాడు. మాట రాలేదు. చాప కొనుక్కుని ఇంటికొచ్చాడు.

రెండో బుధవారం వెళ్లాడు. మాట రాలేదు. చాప కొనుక్కుని ఇంటికొచ్చాడు.

అతని భార్య నరసమ్మ రెండు చాపలూ చూసింది.

"క్షమించమనడానికి వెళ్లి చాప కొనుక్కొస్తారేమండీ? కోర్టులో లేని మొహమాటం సంతలో ఎక్కణ్ణించొచ్చింది?"

జోగయ్య రెండు చాపలూ చుట్టి మూలన పెట్టాడు.

మూడో బుధవారం వెళ్లాడు. పిల్లలు పాడుతున్నారు. జోగయ్య నోరు తెరిచాడు. మళ్లీ మాట రాలేదు. అప్పుడు తెలిసింది అతనికి, ఆ పాట ఎవరిదో. నల్లకోటుతోనే సంత నడుమ నిలబడి ఎత్తుకున్నాడు.

"కోర్టుకొచ్చెను జోగయ్య,
కోటి మాటలు తెచ్చెను,
నోటి గుమ్మం దాటలేక
మాట లోపలె చచ్చెను."

"పంతులుకి మతి పోయిందిరోయ్!" అన్నాడు ఉల్లిపాయలాయన. సంతంతా గొల్లుమంది. జోగయ్య ఆపలేదు. రెండోసారి పాడాడు. మూడోసారి పాడాడు. వకీలు పేరుతో పాడటం పిల్లలకి మరీ రుచించింది. పాత పేరు అక్కడే వదిలేశారు.

ముసలమ్మ అతన్ని చూసింది. ఒక చాప లాగి పరిచింది.

"కూ... కూకో బాబూ."

కూర్చున్నాడు. "త... తప్ప... తప్పయిపో..." అని తడబడ్డాడు. ఆమె తొందరపెట్టలేదు, నవ్వలేదు. అతని మాట పూర్తయ్యేదాకా చూసింది. కోర్టులో ఆమె కోసం ఎవరూ అలా ఆగలేదు. ఆ సంగతి తట్టి అతను మరింత కుంచించుకుపోయాడు.

తుంగ మాత్రం తిరిగి రాలేదు. అబద్ధమెందుకు చెప్పాలి? ఎక్కడో పై ఊరి వాగు నించి మోసుకొచ్చి అల్లుకున్నారు. జోగయ్య పోయేదాకా ప్రతి బుధవారం సంతకెళ్లి ఆ పాట పాడాడు. కేసులిచ్చేవాళ్లు తగ్గిపోయారు. వాన పాటా వంకాయ పాటా అతనితోనే పోయాయి.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో తప్పు చేసినవాడు తుంగచాప ఒకటి పట్టుకుని అవతలివాళ్ల గుమ్మంలోకి వెళతాడు. నోరు పెగలకపోతే ఆ పాటలో తన పేరు పెట్టి పాడతాడు. ఎంతసేపు పట్టినా సరే, అతని మాట పూర్తయ్యేదాకా ఇంటివాళ్లు ఆగుతారు.

ముసలమ్మ పేరేమిటని అడుగుతారు మీరు. అందరూ అడుగుతారు. ఆ ఏడూళ్లలోనూ ఎవరికీ తెలీదు. పాటలోంచి ఆ పేరు చెరిగిపోవడం, జోగయ్య పంతులు నిజంగా గెలిచిన కేసు అదొక్కటే.