ఇత్తడి స్టాండు

కారు వెనక సైకిల్ కట్టుకుని అడవికి షికారు పోవాలని జమీందారుగారికి బుద్ధి పుట్టింది. కారు వెనక సైకిల్ని బిగించే మంచి స్టాండు తెచ్చినవాడికి దివాణంలో కొలువన్నారు.

పట్నం షావుకారు గోవర్ధనం తన కొత్త సైకిలెక్కి వచ్చి, తళతళలాడే ఇత్తడి స్టాండు చూపించాడు. పంక్చర్లు వేసే సింహాద్రి తెచ్చింది పాత ట్యూబు ముక్కలు చుట్టిన ఇనప స్టాండు.

"దొరగారి కారుకు ఈ చెత్తేమిట్రా?" అని షావుకారు నవ్వాడు.

సింహాద్రి జమీందారుగారికి దణ్ణం పెట్టాడు. "దొరా, ముందు షావుకారుగారి సైకిల్నే ఆయన స్టాండుకు కట్టి, రాళ్లబాటలో తిప్పి చూద్దామండి," అన్నాడు.

షావుకారు గభాలున తన సైకిల్ని వాటేసుకున్నాడు. "అమ్మో! రంగంతా గీసుకుపోతుంది!"

జమీందారుగారు సింహాద్రి భుజం తట్టి, షావుకారు వైపు తిరిగారు.

"అయితే నా సైకిలు గీసుకుపోతే ఫరవాలేదటయ్యా?"