బుచ్చన్నగారి ఏకగ్రీవం

ఒకానొక రాజ్యంలో అంటే ఏ రాజ్యమని అడుగుతారు కనుక ముందే చెప్పేస్తున్నాను, దాని పేరు ఏడుకోన. రాజు పేరు ప్రతాపతుంగుడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే పొగడ్త చెవిన పడితే అన్నం కూడా మరిచిపోయే రకం. పుట్టినరోజు ఊరేగింపులో జనం పలికే జేజేలు ఎంత దూరం వినిపించాయో కనుక్కు రమ్మని ఏటా భటులను పరుగెత్తించేవాడు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఆచారం ఉండేది. పొలాలకు నీళ్లిచ్చే పెద్దకాలువకు పెద్దను జనమే ఎన్నుకునేవారు. కోట ముంగిట రెండు కడవలు పెట్టేవారు. ఒకదానికి పసుపు పూత, ఒకదానికి సున్నం పూత. పోటీ పడే ఇద్దరికీ చెరొక కడవ. వచ్చినవాళ్లు తలా ఒక చింతగింజ తమకు నచ్చిన కడవలో వేసి పోయేవారు. ఎవరి కడవలో గింజలు ఎక్కువుంటే కాలువ తూము తాళంచెవి వాళ్లది.

అప్పటికి ఆ తాళంచెవి బుచ్చన్న మొలకు వేలాడుతోంది. బుచ్చన్న మహామంత్రి గుణనిధికి బావమరిది. అతని గురించి చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదు. ఎగువన మంత్రిగారి చెరకుతోటలకు రేయింబవళ్లు నీరు పారేది. దిగువ పల్లెల వంతు వచ్చేసరికి తూము మూతపడేది.

కాలువ చిట్టచివర నాంచారమ్మ అనే ముసలామెకు ఒక మడిచెక్క ఉంది. ఆమె పోసిన నారు నీళ్లు లేక ఎండుముఖం పడుతోంది. అది కాస్తా పోతే ఆ ఏడు ఆమె ఇంట పొయ్యి వెలగదు. ఆమెలాంటి వాళ్లంతా కలిసి ఈసారి దోనప్ప అనే రైతును నిలబెట్టారు. అందరికీ వంతుల ప్రకారం నీళ్లు వదులుతానన్నాడు దోనప్ప. అతనిది పసుపు కడవ, బుచ్చన్నది సున్నం కడవ.

మంత్రి గుండెల్లో రాయి పడింది. ఎగువన ఉన్నది తన చుట్టాల నాలుగిళ్లు, దిగువన ఉన్నది ఊళ్లకు ఊళ్లు. బుచ్చన్నను బాగుచేయడం బ్రహ్మతరం కూడా కాదు. అందుకని మంత్రి జనం సంగతి చూడాలనుకున్నాడు. రాజు ముందుకు వెళ్లి వినయంగా వంగి నిలబడ్డాడు.

"ప్రభూ! తమ కోట ముంగిట, తమ పేరున పెట్టే కడవలవి. మట్టి చేతులతో ముట్టుకుంటే తమ ప్రతిష్ఠ ఏం కాను? శుభ్రమైన చేతులున్నవారే గింజ వేయాలని ఆజ్ఞాపించండి. ఎవరినీ కాదనడం లేదు ప్రభూ, చేతులు కడుక్కుని రమ్మంటున్నాం, అంతే."

వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూశారా! రాజుకూ అలాగే అనిపించింది. "భేష్!" అన్నాడు.

ఎన్నిక రోజున మంత్రి మనుషులు కడవల ముందు నిలబడి వచ్చినవాళ్ల చేతులు తిప్పి తిప్పి చూశారు. కుండలు చేసేవాడి చేతికి బంకమట్టి ఉంది, పొమ్మన్నారు. గానుగ ఆడించేవాడి చేతికి జిడ్డుంది, పొమ్మన్నారు. బట్టలకు రంగులద్దేవాడి గోళ్లలో నీలిమందు కనిపించింది, అతన్నీ పొమ్మన్నారు. అంతలో బట్టలుతికే తిమ్మక్క వచ్చి చేతులు చాపింది. రాజ్యం మొత్తంలో అంత తెల్లటి చేతులు లేవు. భటుడు దిక్కుతోచక మంత్రి వైపు చూశాడు.

"తడిగా ఉన్నాయి," అన్నాడు మంత్రి. "తడి చేతులు పనికిరావు."

తిమ్మక్క వెనకే నాంచారమ్మ నిలబడి ఉంది. ఆమె మోచేతుల దాకా నల్లరేగడి.

"పోయి కడుక్కుని రా అవ్వా," అన్నాడు భటుడు.

"యాడ కడుక్కునేది నాయనా? కాలవలో నీళ్లుంటే గదా! నారు సచ్చిపోతాందని పొద్దున్నుంచీ కాలవలో గుంత తవ్వి, ఊరిన నీళ్లు దోసిళ్లతో మోసుకుంటి. నీళ్లు రావాలంటే గింజ వెయ్యాల. గింజ వెయ్యాలంటే చేతులు కడుక్కోవాల. చేతులు కడుక్కోవాలంటే నీళ్లు రావాల. నువ్వే చెప్పు, నేను యాడ మొదలుపెట్టాల?"

భటుడు మంత్రి వైపు చూసి, ఆమెను పక్కకు జరగమన్నాడు. పాపం, వాడిది మాత్రం తప్పేముంది! చింతగింజ గుప్పిట్లో పట్టుకునే నాంచారమ్మ వెనక్కి తిరిగింది.

ఇదంతా కోట గోడ పక్కన నిలబడి మాచన చూశాడు. మాచన రాజుగారి ఆస్థానంలో హాస్యగాడు. నవ్వించడమే పనిగా ఉన్నవాడికి ఆ పూట నవ్వు రాలేదు. అతను నాంచారమ్మకు ఎదురువెళ్లి, "అవ్వా, ఆ గింజ పారెయ్యకు. కొంగున ముడేసుకో," అన్నాడు.

సాయంత్రం కడవలు చూస్తే సున్నం కడవ అడుగున నాలుగు గింజలు కనిపించాయి. పసుపు కడవలో ఒక్కటీ లేదు.

"బుచ్చన్న ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు!" అని మంత్రి గొంతు చించుకుని ప్రకటించాడు.

రాజు పొంగిపోయాడు. "చూశావా మాచనా! నా ఏలుబడిలో రెండో మాటే లేదు. రేపు నా పుట్టినరోజు ఊరేగింపు ఏర్పాట్లు నువ్వే చూడు. ఇదే విధంగా ఏకగ్రీవంగా జేజేలు వినబడాలి. తేడా వచ్చిందా, నీ తల తీయిస్తాను."

"చిత్తం ప్రభూ. బుచ్చన్నగారి ఎన్నిక ఎలా జరిగిందో అచ్చం అలాగే జరిపిస్తాను. మంత్రిగారి నియమమే పెట్టమంటారా?"

"అడగాలా! పెట్టు," అన్నాడు రాజు.

మర్నాడు ప్రతాపతుంగుడు ఒళ్లంతా నగలు దిగేసుకుని ఏనుగెక్కాడు. ఎంతసేపు చూసినా డప్పు మోగలేదు.

"డప్పులవాళ్లేరీ?" అని అడిగాడు.

"పంపేశాను ప్రభూ. డప్పులు మంటకు కాచి వచ్చారు, చేతులకు మసి," అన్నాడు మాచన.

"సరే, ఏనుగును నడపమను."

"మావటిని కూడా పంపేశాను ప్రభూ. ఏనుగును కడిగి వచ్చాడు, తడి చేతులు."

రాజు పళ్లు కొరుక్కుంటూ, నిచ్చెన వేయించుకుని దిగి, కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. వీధి వీధంతా ఖాళీ. ప్రతి సందు మొదట్లోనూ భటులు అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక తలలు కనిపిస్తున్నాయి గానీ ఒక్కరినీ ఇవతలికి రానివ్వడం లేదు. వీధిలో నిలబడింది మంత్రి, అతని చుట్టాలు. వాళ్లకు చేతులు కట్టుకుని నిలబడటమే గానీ ఎత్తి అరవడం అలవాటు లేదు. చివరికి బుచ్చన్న ఒక్కడే మెడ సాచి, "జే... జే..." అన్నాడు. ఆ కూతకు పక్కింటి కప్పు మీది కాకి కూడా లేవలేదు.

రాజుకు తల కొట్టేసినట్టయింది. "మాచనా! నా ప్రజలేరీ?"

"సందుల్లో ఉన్నారు ప్రభూ. చేతులు కడుక్కుని రమ్మన్నాను."

"చేతులతో నాకేం పని? జేజేలు పలికేది నోటితో గదా!"

"గింజ వేసేది మనసుతో గదా ప్రభూ. అప్పుడూ చేతులే చూశాం."

రాజు కోపం నషాళానికెక్కింది. "ఏకగ్రీవంగా జేజేలు వినిపిస్తానన్నావు! ఎవరక్కడ? తలారిని పిలవండి!"

"తప్పకుండా పిలవండి ప్రభూ," అని మాచన చేతులు జోడించాడు. "కాకపోతే అతని చేతులు కూడా ఒకసారి చూడాలి. ఆ వృత్తిలో అవి శుభ్రంగా ఉండటం కష్టం."

రాజు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు.

"నేను మాట తప్పలేదు ప్రభూ," అన్నాడు మాచన. "ఏకం అంటే ఒకటి, గ్రీవం అంటే మెడ. అదిగో, బుచ్చన్నగారి మెడ. ఒక్కటే ఉంది, లెక్కకు సరిపోయింది. నిన్న కడవల దగ్గరా ఇదే జరిగింది. కాదన్నవాడు లేడంటే అందరూ ఔనన్నారని తమరు సంతోషించారు. కాదనేవాళ్లను కడవల ముందే ఆపేశారు ప్రభూ. తమకు జేజేలు పలికే నోళ్లూ ఇవాళ అలాగే సందుల్లో ఉండిపోయాయి."

"ప్రభూ, నేను చేతులు కడుక్కోమన్నానే గానీ..." అని మంత్రి ఏదో నసిగాడు.

మాచన ఒక సందు దగ్గరికి వెళ్లి నాంచారమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "ఈ మట్టి ఎక్కడిదో అడగండి ప్రభూ. నీళ్లు పారాల్సిన కాలువలోది."

రాజు ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. నిజంగా సిగ్గుపడ్డాడు. తర్వాత ఏనుగు వైపు చూశాడు, నిచ్చెన వైపు చూశాడు, ఇంకా మెడ సాచే ఉన్న బుచ్చన్న వైపు చూశాడు. ఇక ఆగలేక పగలబడి నవ్వాడు.

"మంత్రీ! చేతుల శుభ్రం మీద నీకు అంత పట్టింపు ఉంది గనుక, రేపు మళ్లీ కడవలు పెట్టిస్తాను. వచ్చిన ప్రతివాడూ గింజ వేస్తాడు. చేతులు కడుక్కుంటామన్నవాళ్లకు నువ్వే స్వయంగా నీళ్లు పొయ్యాలి. అన్ని నీళ్లు కావాలంటే తూము ఎత్తక తప్పదు. బుచ్చన్నా, ఆ తాళంచెవి ఇలా తే!"

మర్నాడు పొద్దుగూకేదాకా మంత్రి చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. తిమ్మక్క తన తడి చేతులు మళ్లీ చాపి, ఇంకాస్త పొయ్యమంది. నాంచారమ్మ కొంగు ముడి విప్పి గింజ తీసి పసుపు కడవలో వేసింది. అప్పటికే అది అంచుదాకా నిండి ఉంది. సున్నం కడవలో మొన్నటి గింజలు మొన్నటిలాగే పడ్డాయి, ఒక్కటీ తగ్గలేదు. మనసు మార్చుకున్నవాడు ఒక్కడూ లేడు. అయినా బుచ్చన్న చిత్తుగా ఓడిపోయాడు.

రాజు తన ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు. "నిన్న ఈ గ్రీవం ఎగిరిపోవాల్సింది," అన్నాడు నవ్వుతూ.

"ఏలినవారి దయ. ఉన్నది ఒక్కటే ప్రభూ," అన్నాడు మాచన.

మరుసటి ఏడు ఊరేగింపులో డప్పులు మోగాయి, ఏనుగు నడిచింది. జేజేలు ఎంత దూరం వినిపించాయో కనుక్కు రమ్మని రాజు అలవాటు కొద్దీ భటుణ్ని పంపాడు. వాడు సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు.

"కాలువ చిట్టచివరి మడి దాకా వినిపించాయి ప్రభూ. అక్కడ ఒక అవ్వ నాట్లు వేస్తోంది. విని, తనూ నడుమెత్తి, రెండు చేతులూ పైకెత్తి జే కొట్టింది."

"చేతులు కడుక్కుందా?" అన్నాడు రాజు, మాచన వంక కొంటెగా చూస్తూ.

"లేదు ప్రభూ. ఈసారి మడి నిండా నీళ్లున్నాయి గానీ, కడుక్కునే తీరిక లేదంది."