తుమ్మలవంక అడిగినమ్మ వెలసిన వైనం

శ్రీ అడిగినమ్మ తల్లి ఆలయం నల్లగుట్టల కింద, తుమ్మలవంక ఒడ్డున ఉంది. దిగువపల్లెలో బస్సు దిగిన భక్తులు వంక గట్టు వెంబడి రెండు మైళ్లు నడిచి రావాలి. గుడి చిన్నది, గోపురం లేదు. మూరెడు ఎత్తున్న అమ్మవారి విగ్రహం కుడిచేయి చెవి వెనుక పెట్టుకొని, ఎవరో చెప్పేది ఆలకిస్తున్నట్లు తల కొద్దిగా వంచి ఉంటుంది. ఇటువంటి రూపం ఈ చుట్టుపక్కల మరెక్కడా లేదని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, కట్టా లేదు. గుట్టల మీద కురిసిన వాన ఒక్క పూటలో వంక దాటి వెళ్లిపోయేది. ఎగువపల్లె పెద్దకాపు చెన్నప్ప ఆ నీటిని నిలపాలని తలచి, వడ్డె సుంకన్నను పిలిపించి కట్ట వేయవలసిన చోటు చూపించాడు. మట్టిపనిలో సుంకన్నకు సాటి లేదని పేరు. అయినా మొదటి ఏడు కట్ట తెగింది. రెండింతలు వెడల్పు చేసి మళ్లీ కట్టాడు. మరుసటి ఏడూ తెగింది. ఆ వరదకు దిగువపల్లె చేలన్నీ ఇసుక మేట వేశాయి. ఇక ఇక్కడ బతకలేమని అక్కడివాళ్లు మూటలు కట్టుకోసాగారు. సుంకన్నకు అన్నం సహించలేదు. తన పనిలో లోపమెక్కడో తెలియక, తెగిన కట్ట మీదే కూర్చుని రోజులు గడిపాడు.

ఒక మధ్యాహ్నం అక్కడే కునుకు పట్టింది. కలలో తడిచీరతో ఒక స్త్రీ కనిపించింది.

"సుంకన్నా, కట్ట ఎక్కడ వేయాలని ఎవరిని అడిగినావు?"

"పెద్దకాపును అడిగినాను తల్లీ."

"నేను నడిచే దారిలో పెద్దకాపు ఇల్లు ఒక్కటే ఉందా?"

మెలకువ వచ్చిన సుంకన్న పార అక్కడే వదిలి, బెదురుతూనే దిగువపల్లెకు నడిచాడు. నారెమ్మ అనే వితంతువు తన చేలో ఇసుక ఎత్తిపోస్తోంది. కట్ట ఎక్కడ వేయాలని సుంకన్న అడిగితే ఆమె తలెత్తలేదు. అతడు కదలకుండా నిలబడటం చూసి తట్ట కింద పెట్టింది.

"రెండేండ్లలో మమ్మల్ని అడిగింది నువ్వొక్కడివే. మీరు కట్ట వేసిన మలుపులో ఎడమగట్టు సుద్దనేల, వరదకు ఆగదు. పైగా నీళ్లన్నీ మీరే ఆపితే మా చెలమలు ఎండిపోతాయి. తెగితే మా చేలు పోతాయి. ఎట్లయినా పోయేది మేమే."

సుంకన్న అక్కడి నుంచి ఇంటింటికీ తిరుగుతూ గుట్టల పైకి వెళ్లాడు. పైనున్న మూడో పల్లె మేకల కాపరులు, చెట్లు నరికిన వాలులో నీరు నిలవడం లేదని, మొదట దాన్ని అక్కడే నెమ్మది చేయాలని చెప్పారు. అన్నీ విన్న తరువాత మూడు పల్లెలవారినీ వంకలోకి పిలిచి, అందరూ ఒప్పుకుంటే తప్ప గడ్డపార పట్టనన్నాడు. మాటలు మూడు రోజులు సాగాయి. చెన్నప్ప తన చేనికి నీళ్లెట్లా వస్తాయని పట్టుపట్టాడు. గుట్ట కింద మొదటి రాతికట్ట ఆయన చేని పక్కనే వేసుకోమని, దిగువకు మాత్రం మిగులు నీళ్లు పొర్లిపోయేలా మరవ వదలమని నారెమ్మే దారి చూపింది. చెన్నప్ప తలపాగా తీసి రాళ్లు మోయడానికి లేచాడు.

పెద్దకట్ట మాట మానుకొని వాలు పొడవునా పదకొండు చిన్నకట్టలు వేశారు. నాలుగో కట్టకు పునాది తవ్వుతుండగా అమ్మవారి విగ్రహం బయటపడింది. సుంకన్న ఆ ముఖం చూడగానే చేతులు జోడించాడు. కలలో తనను అడిగిన తల్లి ఈమేనని చెప్పడంతో అడిగినమ్మ అనే పేరు నిలిచింది. ఆ ఏడు వానకు కట్టలు తెగలేదు. దిగువపల్లెలో కట్టిన మూటలు విప్పుకున్నారు.

నేటికీ వైశాఖ మాసం మొదటి ఆదివారం మూడు పల్లెలూ గుడి ముందు చేరి, ఆ ఏడు వంకలో చేయవలసిన పనులు నిర్ణయించుకుంటాయి. దిగువపల్లెవారు ముందు మాట్లాడాలి, ఆ తరువాతే అభిషేకం. వాటర్‌షెడ్ పథకం అధికారులు తెచ్చిన పటాన్ని కూడా ఇక్కడే పరిచి అందరినీ అడిగారు, రెండు గీతలు మార్చుకొని వెళ్లారు. ఒక ఏడు దిగువపల్లెలో చావు జరిగి ఎవరూ వేళకు రాలేకపోయారు. పూజారి బిందె పక్కన పెట్టి ఎదురుచూశాడు. అంత్యక్రియలు ముగించుకొని, స్నానాలు చేసి వాళ్లు గుడికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఎగువపల్లెవారు అంతవరకూ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అమ్మవారికి ఆ ఏటి అభిషేకం దీపాలు పెట్టే వేళకు జరిగింది.