తువ్వాల్లో చుట్టిన డిస్కు

దస్తగిరి సార్‌ది కంప్యూటర్లు రిపేరు చేసే అంగడి. కుళ్లాయప్ప ఆయన దగ్గర పని నేర్చుకుంటాండాడు. చెయ్యి బాగానే తిరిగింది. తిరిగినాక, సార్ చెప్పే మాట ఒకటి వానికి చాదస్తం అనిపిస్తాండె.

ఏ డిస్కు ఫార్మాట్ చేసినా సరే, ఉంచుకోవాల్సిన డిస్కు వైరు ముందు పీకెయ్యాల. అదీ ఆ మాట.

ఆ పొద్దు ఫొటో స్టూడియో సుబ్బరత్నమ్మ తన సిస్టం తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో హార్డ్ డిస్కు కొనుక్కుంది. దాన్ని తగిలిచ్చి, లోపలుండేదంతా చెరిపి, విండోస్ ఎక్కియ్యాల. పాత డిస్కు మాత్రం అట్లే ఉండాల.

కుళ్లాయప్ప రెండూ తగిలిచ్చి స్క్రీన్ ముందర కూచున్నాడు.

"పాతదాని వైరు తీసినావా?" అన్నాడు సార్.

"ఎందుకు సార్? మొదటిది ఆయమ్మది, రెండోది కొత్తది. కండ్లు మూసుకోని చేస్తా."

"కండ్లు మాత్రం మూయొద్దు నాయనా," అనింది సుబ్బరత్నమ్మ. "ఊర్లో పెండ్లిండ్లన్నీ దాంట్లోనే ఉండాయి. అవి పోతే నన్ను బతకనిస్తారా?"

సార్ స్విచ్ ఆపి, సుబ్బరత్నమ్మ డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టినాడు. లేచి షెల్ఫు దగ్గరికి పోయినాడు. అక్కడ కుళ్లాయప్ప తువ్వాల్లో చుట్టి దాచుకున్న డిస్కు ఒకటుంది.

దాంట్లో ఉండేవి వాళ్ల నాయన ఉరుము వాద్యం వాయించిన వీడియోలు. పక్షవాతం వచ్చినాక నాయన చెయ్యి లేయల్యా. ఆ వీడియోలు ఇంకెక్కడా లేవు.

సార్ తువ్వాలు విప్పి, ఆ డిస్కును ఆయమ్మ డిస్కు ఉండిన చోట తగిలిచ్చినాడు. వైర్లు అట్లే పెట్టినాడో, అటూఇటూ మార్చినాడో, ఆయన వీపు అడ్డమొచ్చి కనపడల్యా.

మళ్లీ స్విచ్ వేసినాడు. స్క్రీన్ మీద రెండు డిస్కులు. రెండూ ఒకే సైజు. ఆ స్క్రీన్‌లో పేర్లుండవు, అంకెలే.

"ఊ, ఫార్మాట్ కొట్టు," అన్నాడు సార్.

కుళ్లాయప్ప చెయ్యి మౌసు మీద ఉంది. కదలల్యా.

"సార్, నాది ఏది?"

"నాకేం తెలుసు? కండ్లు మూసుకోని చేస్తానంటివి కదా."

సుబ్బరత్నమ్మ గడియారం చూసుకుంది. "ఏం కుళ్లాయీ, ముహూర్తం అడుగుతాండావా? నాకు అవతల పెండ్లికి టైం అయితాంది."

కుళ్లాయప్ప స్విచ్ ఆపినాడు. ఫ్యాను నిలిచేదాకా ఉండి, తన డిస్కు వైరు పీకి, డిస్కును తీసి పక్కన పెట్టినాడు. మళ్లీ వేస్తే స్క్రీన్ మీద ఒకటే కనపడింది. అప్పుడు కొట్టినాడు.

అది అయితా ఉంటే సార్ అడిగినాడు. "ఆయమ్మది తగిలిచ్చేదా?"

"ముందు ఇది అయిపోనీ సార్."

బల్ల అంచున ఉన్న సుబ్బరత్నమ్మ డిస్కును కుళ్లాయప్ప చేతిలోకి తీసుకున్నాడు. తువ్వాలు పరిచి, దాన్ని తన డిస్కు పక్కనే పెట్టి, రెండిటినీ కలిపి చుట్టినాడు.