కోడిని కట్టేయించిన చిత్రకారుడు

కుమ్మరి ఎల్లమంద తన కూతురి పెళ్లి బొమ్మకు చకచకా గీసే బయటి ఊరి చిత్రకారుణ్ని అనుకున్నాడు. కానీ దివాను హుకుం, దాన్ని దివాను బావమరిదే గీయాలని. కాదంటే ఊళ్లో ఉండనివ్వడు. అవునంటే, ఆ బావమరిది బొమ్మ పూర్తయ్యేదాకా పెళ్లివాళ్లను కదలనివ్వడు, ముహూర్తం దాటిపోతుంది. చివరికి ఎల్లమంద దివాను దగ్గరికే వెళ్లాడు.

"దొరా, ముందు మా కోడినీ దాని పిల్లల్నీ గీయించండి, చూస్తాను."

"ఓస్, ఇంతేనా!" అంటూ బావమరిది దివానుతో పాటు ఎల్లమంద వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. కోడి గింజలేరుతూ తిరుగుతోంది.

"ఏయ్, దాన్ని కట్టెయ్యండి!"

కట్టగానే కోడి గోలపెట్టింది, పిల్లలు చెల్లాచెదురయ్యాయి. బొమ్మలో కోడి ఒక్కటే మిగిలింది.

"బొమ్మ దివ్యంగా ఉంది దొరా. కోడినంటే తాడుతో ఆపారు. మా అమ్మాయి ముహూర్తాన్ని దేనితో ఆపుతారు?"

దివాను పోతూ పోతూ ఎల్లమందను పక్కకు పిలిచాడు.

"నువ్వనుకున్న చిత్రకారుడిది ఏ ఊరోయ్? వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి."