సన్నటి వలయం

తిలక్ దగ్గర మొదట ఐదువందల ఒకటి ఉంది. డార్ట్స్ ఆటలో అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు.

వంతుకు మూడు డార్ట్‌లు, బోర్డు మీదికి విసిరే చిన్న బాణాలు. బోర్డు మీద ఏ అంకెలో గుచ్చుకుంటే అంత తీసేస్తారు. లోపలి వలయంలో పడితే మూడింతలు, అంచు వలయంలో పడితే రెండింతలు. ముందుగా సున్నాకి దిగినవాళ్ళు గెలిచినట్టు. అయితే ఒక మెలిక ఉంది. సరిగ్గా సున్నాకే దిగాలి, ఆఖరి డార్ట్ అంచు వలయంలోనే పడాలి. ఆ వలయాన్ని డబుల్ అంటారు. దాని వెడల్పు చిటికెన వేలంత కూడా ఉండదు. ఉన్నదానికంటే ఎక్కువ కొట్టినా, ఒక్కటి మిగిల్చినా బస్ట్. ఆ వంతు రద్దయిపోతుంది. వంతుకు ముందు ఎంత ఉందో మళ్ళీ అంతే.

ఇదంతా నేర్పమని తిలక్ ఎవరినీ అడగలేదు. సికింద్రాబాద్‌లోని ఒక రైల్వే కాలనీలో, ఉద్యోగులు ఆటలాడుకునే ఇన్‌స్టిట్యూట్ హాలు గోడకి అంటించిన నియమాల కాగితం నిలబడి చదివేశాడు. ఎంత మిగిలితే ఏ డార్ట్‌లతో ముగించాలో నోటికి పట్టేశాడు. మిగతావాళ్ళు వేళ్ళు మడిచేలోపు జవాబు చెప్పేవాడు.

ఐదువందల నుంచి నలభై దాకా అతను హాయిగా దిగొచ్చేవాడు. డబుల్ ఇరవైతో ముగించాల్సిన నలభై దగ్గర భయం పట్టుకునేది.

చేయి లేచేది. మణికట్టు వెనక్కి వంగేది. అక్కడే ఆగిపోయేది. వేళ్ళు డార్ట్‌ని వదిలేవి కావు. వదలమని లోపల అరుచుకున్నా వదిలేవి కావు.

ఇది ఎవరికీ తెలియకుండా అతను ఒక దారి కనిపెట్టాడు. నలభై ఉంటే డబుల్ ఇరవై జోలికి పోకుండా మామూలు ఎనిమిది కొట్టి ముప్ఫైరెండు చేసేవాడు. ముప్ఫైరెండులో పదహారు తీసి పదహారు. పదహారులో ఎనిమిది తీసి ఎనిమిది. వెడల్పాటి చోట కొట్టడానికి చేయి ఏమీ అనేది కాదు. చూసేవాళ్ళకి అది తెలివైన ఆటలా కనిపించేది. ఈలోపు అవతలివాళ్ళు ముగించేస్తే, "అయ్యో, ఒక్క వంతులో పోయింది" అనేవాడు.

"ఆడిటర్ గారు మళ్ళీ చిల్లర మారుస్తున్నారు" అని అతని లెక్కలు చూసి గ్లోరియా ఏడిపించేది. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సు. డార్ట్‌ని ఇంజెక్షన్ వేసినంత తేలిగ్గా వేసేది.

తిలక్ నవ్వేవాడు. నవ్వుతూనే క్యారమ్స్ బల్ల వైపు చూసేవాడు. అక్కడ మోజెస్ కూర్చుని ఉండేవాడు, డార్ట్ బోర్డుకి వీపు పెట్టి.

ఒకప్పుడు ఆ హాల్లో మోజెస్‌ని మించినవాడు లేడు. ఒక పోటీలో, అందరి ముందు, డబుల్ దగ్గర అతని చేయి పట్టేసింది. నరాలన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాడు. చేయి మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు. అతను డార్ట్ ముట్టుకోవడం మానేశాడు. ఇప్పటికీ బోర్డులో డార్ట్ దిగిన చప్పుడైతే అతని కుడిచేతి వేళ్ళు ఒక్కసారి కదులుతాయి. మిగతావాళ్ళు గమనించారో లేదో కానీ తిలక్ గమనించాడు.

విజయవాడ పోటీకి వెళ్ళే జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఆదివారం గ్లోరియా, తిలక్ ఒక ఆట ఆడాలి. గెలిచినవాళ్ళు వెళ్తారు. ఆ మాట చెప్పింది ఉస్తాద్ యాకూబ్. గూడ్సు బండ్లలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆ హాల్లో డార్ట్ పట్టిన ప్రతివాడికీ ఆయనే గురువు.

శనివారం హాల్లో ఎవరూ లేని సమయం చూసి తిలక్ ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"ఉస్తాద్, నలభై ఉంటే ఎనిమిది తీసి ముప్ఫైరెండు పెట్టుకోవడం మంచిదా? నేరుగా డబుల్ ఇరవైకి పోవడం మంచిదా?"

"నీకు లెక్క రాదా?"

"వచ్చు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావ్?"

తిలక్ తన చేయి చాపి చూపించాడు.

"చేయి వదలట్లేదు ఉస్తాద్. రేపు అందరి ముందు పట్టేస్తే, మళ్ళీ తెరుచుకోదేమో. మోజెస్ అన్నలాగా అయిపోతానేమో."

ఉస్తాద్ ధైర్యం చెప్పలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి, సుద్దముక్క తీసుకుని స్కోరు పలక మీద రెండు అంకె వేశాడు.

"నీ దగ్గర రెండే ఉంది. ముగించు."

రెండు ఉంటే ఇక కొట్టాల్సింది ఒకటి అంకె డబుల్ మాత్రమే. ఒకటి తీస్తే ఒకటి మిగులుతుంది, అది బస్ట్. తగ్గించుకోవడానికి ఏమీ లేదు. దాక్కోవడానికి చోటు లేదు.

తిలక్ గీత దగ్గర నిలబడ్డాడు. చేయి లేచింది. వంగింది. ఆగింది. వీపు మీద చెమట దిగుతోంది. చేయి దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది.

"అవట్లేదు ఉస్తాద్."

"సరే. బస్ట్ చెయ్."

"ఏంటి?"

"ఇరవైలో వెయ్, ఐదులో వెయ్, నీ ఇష్టం. ఆ డబుల్‌లో మాత్రం పడొద్దు."

తిలక్‌కి అర్థం కాలేదు. అయినా చేయి ఎత్తాడు. డార్ట్ రివ్వున వెళ్ళి ఇరవై మధ్యలో దిగింది.

ఉస్తాద్ పలక మీది రెండుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అదే చోట మళ్ళీ రెండు వేశాడు.

"ఇంకోసారి."

ఇంకోటి వెళ్ళింది. ఆయన తుడిచాడు. రెండు వేశాడు. ఇంకోటి వెళ్ళింది. తుడిచాడు, వేశాడు. తొందర లేదు, విసుగు లేదు. ప్రతిసారీ కొత్త అంకె రాస్తున్నంత శ్రద్ధగా రాస్తున్నాడు.

చివరికి తిలక్ తన చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"చేయి బాగానే ఉంది బేటా" అన్నాడు ఉస్తాద్. గ్లాసు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ మాటతో తిలక్‌కి భయం తగ్గలేదు. పెరిగింది. చేయి బాగానే ఉంటే, పట్టి ఆపుతున్నది ఎవరు?

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. పలక దగ్గర సుద్దముక్కతో ఉస్తాద్ నిలబడ్డాడు. స్కోరు రాయడం ఆ రోజు ఆయన పని.

"తమ్ముడూ, అన్నం తిని వచ్చావా? నిన్న రాత్రి డ్యూటీలో ఇద్దరు పేషెంట్లు నీకంటే కులాసాగా ఉన్నారు" అంది గ్లోరియా.

"నువ్వు సూది పట్టుకుంటే వాళ్ళ మొహాలు చూడాలక్కా" అన్నాడు తిలక్. గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

ఇద్దరూ పక్కపక్కనే దిగుతూ వచ్చారు. గ్లోరియాకి నలభై మిగిలింది. డబుల్ ఇరవైకి మూడు డార్ట్‌లూ వేసింది. మూడూ వలయం తీగకి అవతల, బయట పడ్డాయి. "ఛ! రోగి కదిలాడు" అని నవ్వి పక్కకి జరిగింది. ఇంకో వంతు వస్తే ఆమె వదలదని అందరికీ తెలుసు.

తిలక్‌కి ముప్ఫైరెండు ఉంది. డబుల్ పదహారు పడితే ఆట అయిపోతుంది.

గీత మీద కాలు పెట్టగానే తలలో పాత లెక్క తిరిగింది. మామూలు పదహారు కొట్టు, పదహారు మిగులుతుంది, డబుల్ ఎనిమిది ఇంకా మంచిది. చేయి ఆ మాట విన్నది. డార్ట్ వెడల్పాటి చోట దిగింది.

"బాగా ఆలోచించాడు" అన్నారెవరో వెనక నుంచి.

తిలక్‌కి ముఖం వేడెక్కింది.

రెండో డార్ట్ డబుల్ ఎనిమిదికి ఎత్తాడు. చేయి ఆగిపోయింది.

మామూలు ఎనిమిది కొట్టు, ఎనిమిది మిగులుతుంది, అంది తల. తర్వాత నాలుగు. తర్వాత రెండు. డార్ట్ పట్టుకున్న వేళ్ళు గోళ్ళ దగ్గర తెల్లబడ్డాయి. క్యారమ్స్ బల్ల మీద స్ట్రైకర్ చప్పుడు ఆగింది. హాల్లో మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

"తమ్ముడూ?" అంది గ్లోరియా. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు. తిలక్‌ని అది ఇంకా భయపెట్టింది.

అతను గీత నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతిలో రెండు డార్ట్‌లున్నాయి. ఉస్తాద్ వైపు తిరిగాడు. ఆయన అతన్ని చూడటం లేదు, బోర్డు చూస్తున్నాడు.

ఆడేవాడు అడిగితే ఎంత మిగిలిందో స్కోరు రాసేవాడు చెప్పవచ్చు. ఎక్కడ కొట్టాలో మాత్రం చెప్పకూడదు. అది ఆట నియమం. తిలక్ ఇప్పటిదాకా ఆ హాల్లో ఎంత మిగిలిందని ఎవరినీ అడిగి ఎరుగడు.

"ఉస్తాద్, ఎంత ఉంది?"

వెనక ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"పదహారు" అన్నాడు ఉస్తాద్.

తిలక్ ఆ తర్వాతి మాట కోసం చూశాడు. రాలేదు. తన తలలోంచి ఎప్పుడూ వచ్చే, తప్పించుకునే అంకె కోసం చూశాడు. అదీ రాలేదు.

భయం అలాగే ఉంది. దాంతోనే అతను, కళ్ళు డబుల్ ఎనిమిది మీదే ఉంచి, వెనక్కి తీసిన కాలు నేల మీంచి ఎత్తి, గీత వైపు చాచాడు.